ఒంటిచేత్తో తెరుచుకోని మూత

విచారణ సోమవారం. ఈ రోజు శనివారం. నడుమ మిగిలింది ఒక్క ఆదివారం.

ముప్పై ఇద్దరు ఆడవాళ్ళు పన్నెండంతస్తుల ఆఫీసు భవనాన్ని ఏళ్ళ తరబడి తుడిచారు, కడిగారు, ఎవరెవరివో ఎంగిలి కప్పులు ఎత్తారు. ఒకరోజు పొద్దున్నే కాంట్రాక్టు కంపెనీ వాళ్ళను గేటు దగ్గరే నిలబెట్టి ఇక రావద్దంది. కారణం చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం ఉందనీ అనుకోలేదు. వాళ్ళ తరపున లేబర్ ఆఫీసులో కూర్చుంటున్నది వదిన. ఇరవై ఏళ్ళుగా కూలిజనం అర్జీలు రాసి రాసి అందరికీ అర్జీలమ్మ అయిపోయిన మనిషి. ఆ మనిషి చేతుల్లో ఏడాదిన్నరగా కండ కరిగిపోతోంది. కుడిచేతి చిటికెన వేలితో మొదలై ఒక్కొక్క వేలే చచ్చుబడుతోంది. మందు లేదని డాక్టరు మొహమాటపడకుండా చెప్పేశాడు.

రెండు వారాల కిందటి విచారణకు వదిన సంచి మోసుకుంటూ ఆమె ఆడపడుచు కూడా వెళ్ళింది. మూడు కిలోల పాత లాప్‌టాప్‌ను బల్లమీద తెరిచిపెట్టింది. కంపెనీ మనిషి లేచి, గదిలో పక్షానికి ఒక్కరే ఉండాలి కదా అన్నాడు. అధికారి రూలు పుస్తకం తిరగేసి అవునన్నాడు. ఆడపడుచు వరండాలోకి వచ్చేసింది. ఇకమీదట ఎవరి సామాను వాళ్ళే తెచ్చుకోవాలి, వాంగ్మూలాలు అక్కడికక్కడే సొంతంగా టైపు చేసి ఇవ్వాలి అని కూడా తేల్చేశారు. కాబట్టి వదిన తనే మోసి, తనే తెరిచి, మిగిలిన వేలితో తనే రాయగలిగే లాప్‌టాప్ ఒకటి సోమవారంలోగా కావాలి. దొరికితే కుర్చీ ఆమెది. దొరక్కపోతే ముప్పై ఇద్దరికి నోరు పోతుంది, వదినకు బతుకు పోతుంది.

ఆడపడుచుని షాపులో బోల్టు అంటారు. పొట్టిగా, గట్టిగా ఉంటుంది, ఒకచోట బిగుసుకుందంటే ఊడి రాదు. వాడేసిన లాప్‌టాప్‌లు బాగుచేసి అమ్మే ఆ షాపులో ఆమె చెయ్యి పడితే తప్ప ఏ యంత్రమూ బల్ల దిగదు. ఆ పొద్దున అలమరలోంచి బరువు తక్కువవి మూడు దించింది. పార్సెళ్ళు తూచే త్రాసు తెచ్చి ఒక్కొక్కటీ తూచింది. లాప్‌టాప్ ఎంచుతున్నావా, బంగారం తూస్తున్నావా అని యజమాని నవ్వాడు. బంగారమైతే ఇంత జాగ్రత్త అక్కర్లేదు, నువ్వు పక్కకి జరుగు అంది. యజమాని అయ్యుండీ జరిగాడు.

బరువొక్కటే అయితే త్రాసే ఎంచిపెట్టేది. వదిన రాసేది ఓపెన్ సోర్స్ సిస్టమ్ మీద, లినక్స్ మీద. అదేమీ సరదా కాదు. వదిన వేళ్ళు పోతున్నకొద్దీ బోల్టు పక్కన కూర్చుని, అక్షరాలను బతికున్న వేళ్ళ దగ్గరికి జరుపుతూ వచ్చింది. చిటికెన వేలు పోయిననాడు ఒత్తుల చోటు మారింది. ఉంగరపు వేలు పోయిననాడు గుణింతాలు మారాయి. ఇప్పుడు కీబోర్డు నడుమ ఉన్న ఇరవై కీలలోనే అక్షరమాల అంతా ఇమిడి ఉంది. కుడిచేతి చూపుడు వేలు ఒక్కటి ఆడితే చాలు. ఎడమచేతి వేళ్ళు కీలు నొక్కలేవు, ఆ చెయ్యి దేన్నైనా అదిమిపట్టడానికే. లోపలికి చెయ్యి పెట్టనిచ్చే సిస్టమ్ కాబట్టి ఇది కుదిరింది. మనం కొనుక్కున్న వస్తువుకే తాళం వేసి, చెవి తమ దగ్గర పెట్టుకునేవాళ్ళ సిస్టమ్ మీద మొదట్లో ఆమె తంటాలు పడింది. వారం తిరిగేసరికి చేసిందంతా తుడిచిపెట్టుకుపోయేది. పది వేళ్ళున్నవాళ్ళు పది వేళ్ళున్నవాళ్ళ కోసం కట్టిన ఇల్లది.

షాపులో ఒక పద్ధతి ఉంది. యంత్రం లోపలున్నదాన్ని ముట్టుకోకుండా, లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ గుచ్చి ముందు దానితో నడిపి చూడాలి. ఎక్కించేశాక తలబాదుకుంటే లాభం లేదు. వైఫై దొరుకుతోందా, శబ్దం వస్తోందా, వెలుతురు తగ్గించే కీలు పలుకుతున్నాయా, మూత వేస్తే నిద్రపోతోందా, తీస్తే లేస్తోందా అంటూ మొత్తం పదకొండు పరీక్షలు బోల్టు చేతిరాతతో గోడమీద అంటించి ఉన్నాయి.

మొదటిది తొమ్మిది వందల గ్రాములు, చేతిలో ఉన్నట్టే లేదు. వైఫై దగ్గర బిగుసుకుంది. ఆ చిప్ చేసినవాళ్ళు అది ఎలా నడుస్తుందో బయటివాళ్ళకు చెప్పరు. పక్కనుంచి చిన్న వైఫై ముక్క గుచ్చితే పనవుతుంది గానీ, ఆ ముక్క పట్టుకోవాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలవాలి. వదినకు అవి కలిసి చాలా రోజులైంది. రెండోదానికి అన్నీ పలికాయి, మూత వేసి తీస్తే మాత్రం లేవలేదు. నల్లటి తెర. లేపాలంటే పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టాలి. అంత ఓపిక ఆ వేలికి లేదు. మూడోది కిలో మీద వంద గ్రాములు. ఏదో ఆఫీసు వదిలించుకున్నది, మూలలు అరిగాయి, మూతమీద స్టిక్కరు పీకిన మచ్చ. పదకొండు పరీక్షలకూ తల వంచింది. కీలు మెత్తగా దిగుతున్నాయి. అడుగున ఐదే మరలు, జిగురు లేదు. జిగురుతో అతికించినదాన్ని బోల్టు లాప్‌టాప్ అనదు, శవపేటిక అంటుంది. మధ్యాహ్నంలోపు డిస్కు మార్చి, వదిన అక్షరాల అమరిక ఎక్కించి, చంకన పెట్టుకుని ఇంటికి పరుగెత్తింది.

ఒక్క పరీక్ష ఆ గోడమీద లేదు. అది ఉండాలని ఎవరికీ తట్టనే లేదు. రెండు చేతులున్నవాళ్ళు రాసుకున్న జాబితా కదా.

ఇల్లంటే రెండో అంతస్తులో ఒక గది, ఒక వంటమూల. అన్న పోయిన నాలుగేళ్ళనుంచీ ఇద్దరే ఉంటున్నారు. కిందనుంచి కుట్టుమిషన్ల చప్పుడు వస్తోంది. వదిన కిటికీ పక్క బల్ల దగ్గర, ఒళ్ళో పైట కప్పుకుని కూర్చుంది. నాలుగింటికి ఆడవాళ్ళు వస్తారు, సోమవారం చెప్పాల్సింది ఒకసారి చెప్పించి చూడాలి. బరువెంత అని అడిగింది. నీ చీవాట్లకంటే తేలికే అంది బోల్టు. సంచి పట్టీని వదిన మోచేతికి తగిలించింది. వదిన లేచి తలుపుదాకా నడిచి, తిరిగి వచ్చింది. మొహం మీద చిన్న నవ్వు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో బోల్టుకు గుర్తు లేదు. పొద్దుటినుంచీ పడ్డ తిప్పలన్నీ దానికి సరిపోయాయి.

సంచిని బల్లమీదికి జారవిడిచి, లాప్‌టాప్‌ను అందులోంచి బయటికి తోసుకుని, వదిన మూత అంచు కింద చూపుడు వేలు పెట్టి లేపింది.

మూత లేవలేదు. లాప్‌టాప్ మొత్తం లేచింది. జానెడు ఎత్తు లేచి, వేలు జారి ధబ్బున బల్లమీద పడింది.

తేలికైన యంత్రంతో వచ్చే చిక్కే అది. బరువైనది తన బరువుతో తాను కూర్చుంటుంది, మూత ఒక్కటే లేస్తుంది. ఇదలా కాదు, ఒక చేత్తో అడుగు నొక్కిపట్టి రెండో చేత్తో తెరవాలి. బోల్టు పదేళ్ళుగా రోజుకు పాతిక మూతలు అలాగే తెరుస్తోంది. చేస్తున్నానని కూడా తెలియకుండా చేస్తోంది.

ఎడమచేత్తో అదిమిపట్టు వదినా అంది. వదిన మళ్ళీ కుడివేలితోనే లేపింది. మళ్ళీ పడింది. ఎడమచెయ్యి పైట కిందే ఉండిపోయింది. మూడోసారి కూడా రాలేదు. అప్పుడు బోల్టు వంగి పైట పక్కకు తీసింది. ఆ చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయిన వస్తువులా.

"ఎప్పటినుంచి?"

"మూడు వారాలు."

ఈ మూడు వారాలూ బోల్టు కళ్ళముందు తిరిగాయి. టీ వేడిగా ఉంది, చల్లారనీ అని పక్కన పెట్టించడం. తను షాపుకు వెళ్ళి వచ్చేసరికి గ్లాసు ఖాళీ, పక్కన తడిసిన స్ట్రా. జుట్టు పొట్టిగా కత్తిరించెయ్యి, ఎండలు భరించలేకపోతున్నా అనడం. అన్నీ చూసింది. ఏదీ చూడలేదు. యంత్రం ఏ మూల చిన్నగా మూలిగినా కనిపెట్టే మనిషి, పక్క మంచం మీద ఒక చెయ్యి చచ్చిపోతుంటే కనిపెట్టలేకపోయింది.

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"చెప్తే ఏం చేస్తావు? ఇంకో కీ జరుపుతావు."

కోపం వచ్చింది బోల్టుకు. ఏడవాల్సినప్పుడల్లా ఆమెకు కోపమే వస్తుంది. లాప్‌టాప్‌ను బోర్లా తిప్పింది. ఐదు మరలు విప్పి అడుగు రేకు ఊడదీసింది. మూత మడతబందు దగ్గరి బిగింపు పావు చుట్టు వదులు చేసింది. మూత వేలికి లేచింది గానీ నిలబడలేదు, వదిన వేలిమీదే పడింది. వదిన ఉలిక్కిపడలేదు, ఆ వేలికి నొప్పి తెలియడం కూడా తగ్గినట్టుంది. మళ్ళీ విప్పి వెంట్రుకవాసి బిగించింది. మళ్ళీ పడింది. ఇంకాస్త. అడుగున నాలుగు మూలలా జారని రబ్బరు ముక్కలు అతికించింది. అరగంట గడిచాక వదిన చూపుడు వేలు పెట్టి లేపితే మూత లేచి, లేచినచోట నిలబడింది.

తెర వెలిగింది. వదిన 'క' నొక్కింది. తెరమీద వరస మొత్తం క, క, క, క అని నిండిపోయింది. నొక్కిన వేలిని ఆమె లేపలేకపోతోంది. నొక్కడానికి ఉన్న బలం ఎత్తడానికి లేదు. బోల్టు ఆ వేలిని మెల్లగా లేపి పక్కన పెట్టి, సెట్టింగుల్లోకి వెళ్ళింది. ఎంతసేపు నొక్కినా ఒక్క అక్షరమే పడేలా మార్చింది. పక్క కీ పొరపాటున తగిలితే లెక్కలోకి తీసుకోవద్దని చెప్పింది. చెప్తే వింది సిస్టమ్. ఎందుకని అడగలేదు, అనుమతి ఉందా అనలేదు. ఈ లోకంలో బోల్టు మాట విన్నది ఆ రోజు అదొక్కటే.

వదిన మళ్ళీ మొదలుపెట్టింది. ఒక్కో అక్షరానికి చెయ్యి మొత్తాన్ని భుజం నుంచి ఎత్తి దించుతోంది. నాలుగు నిమిషాలు పట్టింది. ఇరవై ఏళ్ళుగా ప్రతి అర్జీకీ రాసే మొదటి ముక్కే అది: కింద సంతకం చేసిన మేము.

అక్కడ ఆగిపోయింది.

"రాయి వదినా. అన్నీ అయ్యాయి. మోస్తావు, తెరుస్తావు, రాస్తావు. నిదానం అయితే కానీ, వాళ్ళే ఆగుతారు. చచ్చినట్టు ఆగుతారు."

"సోమవారం నేను వెళ్ళనే."

బోల్టు అరిచింది. పొద్దుటినుంచీ గ్రాములు తూచింది ఎందుకు, మరలు విప్పింది ఎందుకు, కీలు బాగాలేకపోతే చెప్పు, వేరేది తెస్తా, ఊళ్ళో ఉన్న లాప్‌టాప్‌లన్నీ విప్పేస్తా అంది. వదిన అంతా విని, ఆ డ్రాయరు తియ్యి అంది.

డ్రాయర్లో ఒక కవరు ఉంది. నిన్న పోస్టులో వచ్చింది. అంచు కత్తిరించి లేదు, పళ్ళతో చింపి ఉంది. లోపల నాలుగు కాగితాలు. మొదటిది రెండు వారాల కిందటి విచారణ హాజరు కాగితం, వాయిదా తేదీ. రెండు, మూడు కాగితాలు చదువుతూ బోల్టు కింద కూర్చుంది. ముప్పై ఇద్దరూ తిరిగి పనిలోకి తీసుకోమనే కోరికను వదులుకుంటున్నారు, ఈ విషయమై ఇకముందు ఎక్కడా తగాదా పెట్టరు, ఇది ఇరుపక్షాల ఇష్టపూర్వక ఒప్పందం, సోమవారం వాయిదాలో అధికారి దీన్ని ఖాయం చేస్తారు. నాలుగో కాగితం మీద సంతకాలు. కంపెనీ మనిషిది వంకీలు తిరిగి ఉంది. దాని పక్కన, పిడికిట్లో కలం పట్టుకుని గీసినట్టు వంకరటింకరగా వదినది.

"ఇది చదివి పెట్టావా?"

"మొదటి కాగితం చదివాను. అది హాజరు కాగితమే. తిప్పబోతే వేలికి రాలేదు. ఎడమచెయ్యి అప్పటికే పోయింది. ఎంత గీరినా కాగితం బల్లకి అంటుకుపోయినట్టే ఉంది. వాడు చూస్తున్నాడు. తిప్పమంటారా మేడమ్ అన్నాడు. అక్కర్లేదన్నాను."

"ఆ తర్వాత?"

"అయితే సంతకం ఇక్కడ అని చివరిది తీసి ముందు పెట్టాడు. చదివినదానిలా తలూపి పెట్టేశాను."

"వరండాలోనే ఉన్నాను కదా వదినా. గోడకి ఇవతలే ఉన్నాను. ఒక్క పిలుపు పిలిస్తే అయిపోయేది కదా."

"నువ్వొస్తే ఎందుకొచ్చావో వాడికి తెలిసిపోతుంది."

అంతే. ముప్పై రెండు పొయ్యిలు ఆరిపోవడానికి కారణం అంతే. ఎదుటివాడు రాక్షసుడై ఏమీ పీక్కోలేదు. ఒక మనిషి, పేజీ తిప్పిపెట్టు అని శత్రువును అడగలేకపోయింది. జబ్బు చేసినవాళ్ళను సిగ్గుపడేలా చేసిపెట్టిన లోకం మిగతా పని తనే చక్కబెట్టుకుంది.

బోల్టు, మోసం చేసి పెట్టించుకున్నాడని చెబుదాం అంది. వదిన ఆ దారి ముందే నడిచి వచ్చి ఉంది. రాత్రంతా కళ్ళు తెరుచుకుని నడిచింది. ఇరవై ఏళ్ళు కాగితాలతోనే బతికిన మనిషి చదవకుండా పెట్టిందంటే ఏ అధికారీ నమ్మడు. ఆ రోజు ఆ చెయ్యి కాగితం తిప్పే స్థితిలో లేదని రుజువు కావాలి. డాక్టరుకు చూపించలేదు, చూపిస్తే రాసిపెడతారని, రాసిపెడితే కుర్చీ పోతుందని. ఆ రోజుకే ఎడమచెయ్యి పోయిందని తెలిసిన మనిషి ఒక్కరు, ఒక్కరైనా ఉండాలి.

"ఎవరికి తెలుసు?" అంది బోల్టు.

"ఎవరికీ తెలీదు. నీకే తెలీకుండా దాచానంటే చూడు ఎంత బాగా దాచానో."

వదిన నవ్వింది. ఆ నవ్వుకు చప్పుడు లేదు. కళ్ళనుంచి కారుతున్నది తుడుచుకోవడానికి చెయ్యి లేవక, భుజానికి మొహం రాసుకుంది. బోల్టు తుడవబోతే తల పక్కకు తిప్పేసింది.

"నీకు ముందే తెలుసని రాసివ్వు," అంది వదిన, కిటికీవైపు చూస్తూనే. "ఆ రోజు పొద్దున్న నువ్వే నాకు జాకెట్టు తొడిగావని రాయి. ఎడమచెయ్యి కదలడం లేదని నీ కళ్ళారా చూశావని రాయి. అది చాలు, ఒప్పందం కొట్టేయించొచ్చు."

నాలుగు రోజులు పనిచేసినవాడు వారం అని రాయమంటే, కలం కింద పెట్టి బయటికి పంపించేసిన మనిషి ఈ మాట అంటోంది. బోల్టు ఆ మొహం వైపు చూసింది. అబద్ధం ఒక్కటే అయితే ఆమె తటపటాయించేది కాదు, ఆ కంపెనీ మీద లక్ష అబద్ధాలైనా ఆడుతుంది. కానీ అధికారి వెంటనే అడిగే ప్రశ్న ఆమెకు అప్పుడే వినిపించింది. తెలిసీ ఆవిణ్ణి ఆ గదిలో ఒంటరిగా ఎందుకు వదిలి వెళ్ళావమ్మా? తెలిసీ రెండు వారాలు నోరెందుకు మూసుకున్నావు? దానికి ముప్పై ఇద్దరి ముందూ జవాబు చెప్పాల్సింది తనే. వదిన సిగ్గు తన నేరమవుతుంది. వదినకు అది తెలుసు. తెలిసే అడుగుతోంది. అందుకే మొహం తిప్పుకుంది.

"వదినా, నేను..."

మెట్లమీద చెప్పుల చప్పుడు. నాలుగైంది. తలుపు తోసుకుని ముందుగా వచ్చింది పెద్దమ్మ. ముప్పై ఇద్దరిలో వయసులో పెద్దది, పన్నెండో అంతస్తు ఊడ్చినావిడ. యాభై దాటాక ఈ గదిలోనే, ఈ బల్ల దగ్గరే వదిన దగ్గర అక్షరాలు దిద్దుకుంది. ఒకప్పుడు చదవకుండా ఏదో కాగితం మీద వేలిముద్ర వేసి వస్తే వదిన చీవాట్లు పెట్టి ఏడిపించింది. ఆ తర్వాతే పలక పట్టింది. ఆమె వెనక మెట్ల నిండా మిగతావాళ్ళు, ఒకళ్ళ భుజాల మీదుగా ఒకళ్ళు తొంగిచూస్తూ, గదిలో ఎంతమంది పడతారో అని నవ్వుకుంటూ.

పెద్దమ్మ లాప్‌టాప్ చూసి కొత్తదా అని మెచ్చుకుంది. పలక కంటే సన్నగా ఉంది, దీంతో వాడి దుంప తెంచుతావు అర్జీలమ్మా అంది. వదిన కళ్ళు ఎక్కడున్నాయో పెద్దమ్మ చూసింది. బల్ల అంచున నాలుగు కాగితాలు.

"మనవేనా ఇవి?" అంటూ చేతిలోకి తీసుకుంది.

బోల్టు చెయ్యి చాచింది. ఇటివ్వు పెద్దమ్మా, తర్వాత చూద్దువుగాని అంది. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"తర్వాతెందుకు? ఏ కాగితమైనా చేతికొస్తే చదవాలని నాకు నేర్పింది మీ వదినే కదా," అంది పెద్దమ్మ. కిటికీ వెలుగులోకి జరిగి, కాగితాన్ని బారెడు దూరం పట్టుకుని, మొదటి పేజీ చదవడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటూ, గట్టిగా. హా-జ-రు. వా-యి-దా. మెట్లమీదివాళ్ళు మాటలు ఆపి వింటున్నారు. ఆవిడకు చదవడం వచ్చినందుకు వాళ్ళందరికీ గర్వం.

వదిన కళ్ళు మూసుకుంది.

పెద్దమ్మ బొటనవేలు నాలుకకు తడి చేసుకుని, పేజీ తిప్పింది.